పసితనపు వ్రాత

మనలో ఎవరికైనా తీరని కష్టము వచ్చినప్పుడు "వాని తలవ్రాత" అని నిట్టూర్చి ఊరుకొనడము అనాదిగా ఉన్న అలవాటు. బిడ్డ పుట్టగానే విధాత వచ్చి నొసట నాలుగక్షరాలు వ్రాసి పోతాడనీ, వాటిని చెరపడము ఎవరి తరమూ కాదనీ పెద్దల నమ్మిక. గత శతాబ్దములో శాస్త్రజ్ఞులు కొందరు ఇంచుమించు ఇదే మాటను తమ పరిభాషలో చెప్పినారు. తల్లిదండ్రుల నుండి సంక్రమించిన జన్యువులే మనిషి గుణమును, ఆయుర్దాయమును నిర్ణయిస్తాయన్నారు. కాదు, పెంపకమే సర్వమూ అని మరికొందరు వాదించినారు. ఈ తగవు సాగుతుండగానే ఒకవైపు శిశుశాలలలోను, మరొకవైపు ఎలుకల బోనులలోను మూడవ సంగతి ఒకటి బయటపడుతూ వచ్చినది. పసితనములో బిడ్డ పొందిన ఆదరణ గాని, పడిన భయము గాని జన్యువుల పనితీరునే మార్చగలదనీ, దానితోపాటు మెదడు పెరుగుదల కూడ మారగలదనీ ఆ సంగతి. ఇది ఎట్లు తెలిసినదో, ఇందులో రుజువైనది ఎంతో, కానిది ఎంతో మనము ఒకసారి విచారించి చూద్దాము.

ఇరువదవ శతాబ్దపు మొదటి దశాబ్దాలలో ఐరోపా, అమెరికా దేశాల శిశువైద్యశాలలలో సూక్ష్మజీవుల భయము మెండుగా ఉండేది. ఒక బిడ్డ రోగము మరొక బిడ్డకు అంటకుండ మంచాలను ఎడమెడముగా వేసేవారు. తల్లిదండ్రులను అరుదుగా మాత్రమే లోనికి రానిచ్చేవారు. బిడ్డను ఎత్తుకొనడము, ఆడించడము అనవసరమైన పనులుగా తోచినవి. ఇండ్లలో కూడ ఇదే పద్ధతి మంచిదని బోధించినవారున్నారు. అమెరికా మనస్తత్వవేత్త జాన్ వాట్సన్ 1928లో ప్రకటించిన శిశుపోషణ గ్రంథములో, పిల్లలను ముద్దాడవద్దనీ, ఒడిలో కూర్చుండబెట్టుకొనవద్దనీ, తెల్లవారిన తరువాత వారితో కరచాలనము చేస్తే చాలుననీ తల్లులకు హితవు చెప్పినాడు. ఆ గ్రంథము ఆనాడు విరివిగా అమ్ముడుపోయినది.

ఈ బోధ ఎంత అపాయకరమో చూపినవారిలో మొదట చెప్పదగినవాడు రెనె స్పిట్జ్. వియన్నా నగరములో పుట్టి, ఫ్రాయిడ్ సంప్రదాయములో శిక్షణ పొంది, అమెరికాకు వలస వెళ్లిన వైద్యుడు ఆయన. 1945, 1946 సంవత్సరాలలో ఆయన రెండు సంస్థలలోని పసివారిని పోల్చి వ్రాసినాడు. ఒకటి అనాథశిశువుల ఆశ్రమము. అక్కడ తిండికి లోటు లేదు, శుభ్రతకు లోటు లేదు, వైద్యులు వచ్చి చూచి పోతుండేవారు. కాని సుమారు ఎనిమిదిమంది పసివారికి ఒక్క దాది. మంచాల కమ్ములకు దుప్పట్లు వ్రేలాడదీసి ఉండడము చేత బిడ్డ కన్ను తెరిస్తే పైకప్పు తప్ప మరొకటి కనబడదు. రెండవది స్త్రీల చెరసాలకు చేరిన శిశుశాల. అక్కడి తల్లులు నేరము చేసి శిక్ష అనుభవిస్తున్నవారు. అయినా తమ బిడ్డలను తామే పెంచుకొంటున్నారు. చెరసాల బిడ్డలు ఆడుతూ పాడుతూ పెరిగినారు. ఆశ్రమములోని 91 మంది పసివారిలో 34 మంది రెండేండ్లు తిరిగేసరికి మరణించినారు. బ్రతికినవారిలో పెక్కుమందికి నడక, మాట సరిగా రాలేదు. స్పిట్జ్ లెక్కలు వేసిన తీరులో లోపాలున్నవని తరువాతివారు విమర్శించినారు. అందులో కొంత న్యాయమున్నది. అయినప్పటికీ ఆయన తీసిన చలనచిత్రములో గోడవైపు తిరిగి పడుకొన్న ఆ పసివారి ముఖాలు చూచినవారు వాటిని మరువలేకపోయినారు.

రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత ఐరోపాలో ఇల్లూ వాకిలీ లేని పిల్లలు లక్షలాదిగా మిగిలినారు. వారి సంగతి విచారించమని ప్రపంచ ఆరోగ్యసంస్థ ఇంగ్లండు వైద్యుడు జాన్ బౌల్బీని కోరినది. 1951లో ఆయన సమర్పించిన నివేదిక సారాంశము ఇది: శరీరానికి పోషకాహారము ఎంత అవసరమో, బిడ్డ మనస్సుకు ఒక వ్యక్తితో ఎడతెగని ఆప్యాయమైన సంబంధము అంత అవసరము. ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ 1952లో ఒక చిన్న చిత్రమును ప్రదర్శించినాడు. శస్త్రచికిత్స కోసము ఎనిమిది దినాలు ఆసుపత్రిలో ఉన్న రెండేండ్ల పాప కథ అది. ఆ పాపను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. తల్లి దగ్గర లేదు, అంతే. దినదినమూ ఆ ముఖములో వెలుగు తగ్గిపోవడము తెరమీద కనబడినది. వైద్యులు మొదట కోపగించినారు. కాని 1959లో ఇంగ్లండు ప్రభుత్వము నియమించిన ప్లాట్ సంఘము, ఆసుపత్రిలోని పిల్లలను తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి చూడనివ్వవలెనని సిఫారసు చేసినది.

అదే కాలములో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో హ్యారీ హార్లో కోతిపిల్లలను తల్లుల నుండి వేరుచేసి, వాటికి రెండు బొమ్మ తల్లులను ఇచ్చినాడు. తీగలతో అల్లిన బొమ్మకు పాలసీసా ఉన్నది. మెత్తని గుడ్డ చుట్టిన బొమ్మకు అది లేదు. కోతిపిల్లలు ఆకలి తీరేవరకు మాత్రమే తీగెబొమ్మ దగ్గర ఉండి, తక్కిన ప్రొద్దంతా గుడ్డబొమ్మను కరచుకొని ఉన్నవి. 1958లో ఈ ఫలితాలు ప్రకటించబడినవి. ఒంటరిగా పెరిగిన ఆ పిల్లలు పెద్దవై తమ బిడ్డలను పెంచుకొనలేకపోయినవి. నేడు అట్టి ప్రయోగాలను క్రూరమని చాలమంది గర్హిస్తున్నారు. కాని బిడ్డ తల్లిని కోరేది పాలకొరకే అన్న వాదము వాటితో తీరిపోయినది.

ఇంతవరకు తెలిసినది బయటినుండి చూచి తెలుసుకొన్నది. లోపల ఏమి జరుగుతున్నదన్న ప్రశ్న మిగిలిపోయినది. ఎన్నడో పసితనములో జరిగి, మరపున పడిన దుఃఖము ముప్పది, నలుబది ఏండ్ల తరువాత కూడ శరీరమును ఎట్లు పట్టి ఉంచగలదు?

జవాబునకు పనికివచ్చిన మాట ఒకటి 1942లోనే పుట్టినది. అది ఎపిజెనెటిక్స్. దానిని శాస్త్రములో ప్రవేశపెట్టినవాడు కాన్రాడ్ వాడింగ్టన్. ఆయన జీవితములో మన దేశానికి సంబంధించిన ఘట్టమొకటి ఉన్నది. తండ్రి వయనాడు ప్రాంతములోని తేయాకు తోటలలో ఉద్యోగి. వాడింగ్టన్ పసితనము మన దక్షిణదేశములో గడచినది. 1910లో, నాలుగేండ్ల వయస్సున ఆయనను ఇంగ్లండులోని బంధువుల ఇంటికి పంపినారు. తల్లిదండ్రులు 1928 వరకు ఇక్కడనే ఉండిపోయినారు. ఆనాటి తెల్లదొరల కుటుంబాలలో ఇట్టి ఎడబాటు సామాన్యము. దీనివల్లనే ఆయనకు ఆ ఆలోచన కలిగినదని మేము చెప్పడము లేదు. ఆయన ఆలోచించినది పిండములోని ఒకే కణము నుండి చర్మము, ఎముక, నరము ఎట్లు వేరువేరుగా రూపొందుతాయన్న విషయమును గురించి మాత్రమే.

ఆ విషయము ఇట్లున్నది. మన శరీరములో ఇంచుమించు ప్రతి కణములోను ఒకే జన్యుగ్రంథము ఉన్నది. అయితే ప్రతి కణమూ ఆ గ్రంథమంతా చదవదు. చర్మపు కణము చదివే అధ్యాయాలు వేరు, నాడీకణము చదివేవి వేరు. ఏ పుట తెరిచి ఉంచవలెనో, ఏ పుట మూసి ఉంచవలెనో తెలిపే గుర్తులు కొన్ని ఉన్నవి. వాటిలో ముఖ్యమైనది మిథైల్ గుంపు అనే చిన్న రసాయనము. ఇది డి.ఎన్.ఏ. మీద అంటుకొన్నచోట సామాన్యముగా ఆ జన్యువు పని మందగిస్తుంది. అక్షరము మారదు, చదవడము మారుతుంది. ఈ గుర్తులు కణము విభజన చెందినప్పుడు కూడ నిలిచి ఉండగలవని 1975లో శాస్త్రజ్ఞులు సూచించినారు. అయినా ఇవి పిండదశలో ఒకసారి పడితే ఇక కదలవనే చాలకాలము తలచినారు. తల్లి స్పర్శకు ఈ గుర్తులు మారగలవని ఎవరూ ఊహించలేదు.

ఆ ఊహకు రుజువు మాంట్రియల్ నగరములోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయములో దొరికినది. అక్కడ మైకేల్ మీనీ ఎలుకల పెంపకమును పరిశీలించేవాడు. మోషే షిఫ్ మిథైల్ గుర్తులను పరిశోధించేవాడు. తల్లి ఎలుక తన పిల్లలను నాకి శుభ్రము చేస్తుంది. కొన్ని తల్లులు విస్తారముగా నాకుతాయి, కొన్ని తక్కువగా. ఎక్కువగా నాకించుకొన్న పిల్లలు పెద్దవైన తరువాత నిబ్బరముగా ఉంటాయి. తక్కినవి చిన్న అలికిడికే బెదరిపోతాయి. ఇది పుట్టుకతో వచ్చిన గుణమా అని పిల్లలను తారుమారు చేసి చూచినారు. పిల్లల తీరు కన్నతల్లిని బట్టి కాక, పెంచిన తల్లిని బట్టి ఏర్పడినది.

దీనికి కారణము మెదడులోనే ఉన్నది. ప్రాణికి భయము కలిగినప్పుడు మెదడు ఆజ్ఞపై మూత్రపిండాల మీది గ్రంథులు ఒక ద్రవమును రక్తములోనికి విడుస్తాయి. మనుష్యులలో దాని పేరు కార్టిసాల్. గుండె వేగము హెచ్చి, శరీరము పారిపోవడానికో, ఎదిరించడానికో సిద్ధమవుతుంది. అపాయము తప్పిన తరువాత ఈ ద్రవము తగ్గవలెను. జ్ఞాపకశక్తికి ఆటపట్టైన హిప్పోకాంపస్ అనే భాగములోని గ్రాహకాలు ద్రవము హెచ్చినదని గుర్తించి, "ఇక చాలు" అని ఆజ్ఞ పంపుతాయి. గ్రాహకాలు తక్కువైతే ఆ ఆజ్ఞ ఆలస్యమవుతుంది. భయము తీరినా శరీరము భయములోనే ఉండిపోతుంది. మీనీ, షిఫ్, వారి శిష్యులు 2004లో ప్రకటించినది ఏమంటే, తల్లి తక్కువగా నాకిన పిల్లలలో ఆ గ్రాహకమును తయారుచేసే జన్యువు మీద మిథైల్ గుర్తులు ఎక్కువగా ఉన్నవి. ఈ భేదము పుట్టిన మొదటి వారములోనే ఏర్పడి, పెద్దతనము వరకు నిలిచినది. అంతకన్న ముఖ్యమైన సంగతి మరొకటి. పెద్దవైన ఎలుకల మెదడులోనికి ఒక మందును పంపగా ఈ భేదము తొలగిపోయినది. అనగా వ్రాత గట్టిదే. కాని చెరగనిది కాదు.

మనుష్యులలో ఇట్టి గుర్తులు అంతకాలము నిలుస్తాయా? 1944 చలికాలములో జర్మను సేనలు ఆహారము అందకుండ చేసినందున పశ్చిమ హాలెండు ఆకలితో అలమటించినది. 1945 వసంతములో విముక్తి లభించేవరకు సాగిన ఆ క్షామములో ఇరువదివేలకు పైగా జనము మరణించినారు. ఆ నెలలలో తల్లి కడుపున పడినవారిని 60 ఏండ్ల తరువాత వారి తోబుట్టువులతో పోల్చి చూచినారు. పెరుగుదలకు సంబంధించిన ఒక జన్యువు మీద వారి మిథైల్ గుర్తులు తక్కువగా ఉన్నట్లు 2008లో తేలినది. మరుసటి సంవత్సరము మాంట్రియల్ పరిశోధకులు మరణించిన 36 మంది మెదడులను పరీక్షించినారు. వారిలో 12 మంది చిన్ననాట హింసకు గురియై, తరువాత ఆత్మహత్య చేసికొన్నవారు. ఎలుకలలో చూచిన ఆ గ్రాహకపు జన్యువు మీదనే వారిలో గుర్తులు హెచ్చుగా కనబడినవి. హింస ఎరుగని తక్కిన 24 మందిలో అట్లు లేదు.

ఇక మెదడు పెరుగుదల మాట. ఆరేండ్లు నిండేసరికి బిడ్డ మెదడు పెద్దవారి మెదడులో సుమారు 90 శాతము బరువు తూగుతుంది. ఆ కొద్దికాలములో నాడీకణాల మధ్య లెక్కకు మించిన బంధాలు అల్లుకొంటాయి. వాడుకలో ఉన్నవి బలపడతాయి, లేనివి రాలిపోతాయి. బిడ్డ ఊకొట్టితే మారుపలికేవారు, ఏడిస్తే ఎత్తుకొనేవారు ఉండవలెనని ఈ అల్లిక ఎదురుచూస్తుంది. ఎవరూ లేకపోతే ఏమవుతుంది?

దీనికి జవాబు చెప్పవలసిన దుర్గతి రుమేనియా దేశానికి పట్టినది. జనసంఖ్యను పెంచదలచి చౌషెస్కూ ప్రభుత్వము 1966లో గర్భస్రావమును నిషేధించినది. పెంచలేని తల్లిదండ్రులు బిడ్డలను ప్రభుత్వ సదనాలకు అప్పగించినారు. 1989లో ఆ ప్రభుత్వము కూలినప్పుడు లక్షకు పైగా పిల్లలు సదనాలలో ఉన్నట్లు లోకానికి తెలిసినది. వరుసలు తీరిన మంచాలు, గుండు గీసిన తలలు, తమంతట తామే ఊగుతున్న పిల్లలు — ఆ దృశ్యములో స్పిట్జ్ నాటి ఆశ్రమము తిరిగి కనబడినది.

2000లో అమెరికా పరిశోధకులు చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా బుకారెస్టు నగరములోని ఆరు సదనాల నుండి 136 మంది పిల్లలను ఎంచుకొన్నారు. వారి వయస్సు ఆరు నెలలు మొదలు 31 నెలల వరకు. చీట్లు వేసినట్లు వారిని రెండు భాగాలు చేసి, 68 మందిని తాము సిద్ధము చేసిన పెంపుడు కుటుంబాలకు అప్పగించినారు. తక్కిన 68 మంది ఎప్పటివలెనే ఉండిపోయినారు. ఇది న్యాయమా అన్న ప్రశ్న ఆనాడే వచ్చినది. ఆ దేశములో అప్పటికి పెంపుడు కుటుంబాల పద్ధతి లేనట్లే. కుటుంబము దొరికిన ఏ బిడ్డనూ పరిశోధన కోసము సదనములో ఆపబోమని వారు నియమము పెట్టుకొన్నారు. అయినా చీటీలో పేరు రాని పిల్లల మాట తలచుకొంటే మనస్సు కలుక్కుమనక మానదు.

నాలుగున్నర ఏండ్ల వయస్సులో బుద్ధిపరీక్ష జరిపినారు. సదనములో ఉన్నవారికి సగటున 73, కుటుంబాలకు వెళ్లినవారికి 81, మొదటినుండి తల్లిదండ్రుల దగ్గర పెరిగిన పిల్లలకు 109 వచ్చినది. ఎనిమిదేండ్ల తరువాత తీసిన చిత్రాలలో సదనపు పిల్లల మెదడులో బూడిదవన్నె పదార్థము, తెల్లని పదార్థము రెండూ తక్కువగా ఉన్నవి. కుటుంబాలకు చేరినవారిలో తెల్లని పదార్థము కొంతవరకు పుంజుకొన్నది. బూడిదవన్నె పదార్థము మాత్రము పుంజుకొనలేదు. రెండేండ్లు నిండకముందు కుటుంబము దొరికినవారు ఎక్కువగా కోలుకొన్నారు. "మొక్కై వంగనిది మానై వంగునా" అన్న మన సామెత ఇక్కడ సగము నిజమైనది. మాను పూర్తిగా వంగలేదు. కాని నీరు పోసినవారికి చిగురు వేసి చూపినది.

అనాథసదనాలకు వెళ్లినవారికి ఒక అనుభవము ఉంటుంది. ముక్కుమొగము తెలియనివారు వచ్చినా కొందరు పిల్లలు పరుగెత్తివచ్చి చేయి పట్టుకొని విడువరు. చూచేవారికి అది ముచ్చటగా ఉంటుంది. పరిశోధకులు దానిని ఆకలిగా గుర్తించినారు. తనవారు ఎవరో తెలిసిన బిడ్డ కొత్తవారిని చూచి తల్లి కొంగు చాటున దాగుకొంటుంది.

ఇంత చెప్పిన తరువాత ఒక హెచ్చరిక చెప్పకపోవడము తప్పవుతుంది. ఎలుక మనిషి కాదు. బ్రతికి ఉన్న మనిషి మెదడు నుండి కణాలు తీసి చూడలేము. రక్తములోనో, ఉమ్మిలోనో చూచి ఊహించవలెను. బ్రిటనులో రెండువేలకు పైగా కవలపిల్లలను పద్దెనిమిదేండ్ల వరకు అనుసరించిన పరిశోధన 2018లో వెలువడినది. అందులో చిన్ననాటి హింసకూ, రక్తములోని మిథైల్ గుర్తులకూ గట్టి సంబంధము కనబడలేదు. కనబడినది కూడ చాలవరకు పొగత్రాగుట వలన వచ్చినదని తేలినది. బాధితుల బాధ అబద్ధమని దీని అర్థము కాదు. ఆ బాధ శరీరములో నిలిచే దారి ఈ గుర్తు ఒక్కటే కాదని అర్థము.

తాతలు పడిన బాధ మనుమల జన్యువులలో వ్రాసి ఉంటుందన్న మాట కూడ ఈమధ్య విరివిగా వినబడుతున్నది. యూదుల మారణహోమము నుండి బయటపడిన 32 మందిని, వారి సంతానములో 22 మందిని పరిశీలించిన 2016 నాటి వ్యాసమును ఇందుకు సాక్ష్యముగా చూపుతారు. సంఖ్య చిన్నది. పైగా ఆ బిడ్డలు ఆ తల్లిదండ్రుల చేతులలోనే పెరిగినవారు. రక్తములో వచ్చినది ఏదో, ఇంటిలో వచ్చినది ఏదో విడదీయడము కష్టము. బీజకణాలు ఏర్పడేటప్పుడు, పిండము రూపొందేటప్పుడు ఈ గుర్తులు చాలవరకు తుడిచివేయబడతాయన్నది కూడ మరువరాదు. కష్టపడిన కులాలను, జాతులను చూచి "వీరి రక్తములోనే గాయమున్నది" అంటే, పాత తలవ్రాతను తీసివేసి కొత్త తలవ్రాతను తగిలించినట్లే అవుతుంది.

తల్లులను తప్పుపట్టడానికి కూడ ఈ శాస్త్రము ఆధారము కారాదు. మీనీ పరిశోధనాలయములోనే గర్భముతో ఉన్న తల్లి ఎలుకలను కలవరపెట్టి చూచినారు. బాగుగా నాకే తల్లులు కూడ ఆ తరువాత పిల్లలను నాకడము తగ్గించినవి. ఆదరణ తల్లి మనస్సులో మాత్రమే పుట్టేది కాదు. తల్లికి దొరికిన తిండి, నిద్ర, అభయము దానికి మూలము. కనుక బిడ్డ మెదడును కాపాడదలచినవారు ముందు తల్లిని కాపాడవలెను.

చట్టాలు కూడ మెల్లగా ఈ మాట విన్నవి. రుమేనియాలో 2004లో చేసిన చట్టము, తీవ్రమైన వైకల్యము లేని రెండేండ్ల లోపు బిడ్డలను సదనాలలో ఉంచరాదన్నది. మన దేశములో 2015 నాటి బాలల న్యాయచట్టము, బిడ్డను సంస్థలో ఉంచడము చిట్టచివరి మార్గముగానే ఉండవలెనని సూత్రముగా చెప్పి, పెంపుడు కుటుంబాలకు దారి చూపినది. దారి చూపడము వేరు, ఆ దారిన నడవడము వేరు. సదనములో మంచము చూపడము సులభము; ఒక బిడ్డకు ఒక ఇంటిని వెదకడము కష్టము. ఆ వెదకులాటలో గడచే ప్రతి నెలా బిడ్డ వయస్సులో నుండి పోయే నెలయే అని బుకారెస్టు లెక్కలు చెబుతున్నవి.

మన ఇండ్లలో అవ్వ కాళ్లు చాచి కూర్చుండి, పసిబిడ్డను ఆ కాళ్ల మీద పడుకొనబెట్టి, నూనె అంటి, నలుగు పెట్టి నీళ్లు పోస్తుంది. బిడ్డ ఏడుస్తుంటే ఏదో ఒక పాట కూనిరాగము తీస్తుంది. ఆమెకు మిథైల్ గుంపు సంగతి తెలియదు. తెలియవలసిన పనియూ లేదు. కాని ఆ కాళ్లు, ఆ చేతులు, ఆ పాట లేని బిడ్డలు మన ఊళ్లలోనే ఉన్నారన్నది మనకు తెలిసి ఉండవలెను. నొసటి వ్రాత విధాతదని తలచినన్నాళ్లు మనకు బాధ్యత లేకపోయినది. అందులో కొంతభాగము పెంచే చేతులదే అని తెలిసిన తరువాత, ఎవరి బిడ్డ అయినా సరే, "వాని తలవ్రాత" అని ప్రక్కకు తప్పుకొనే వీలు మనకు ఇక లేదు.